పదిహేడు వేల కోట్ల పెళ్లికొడుకు

మా మనవరాలు శ్రావణి చేసుకుంటానన్న పిల్లాడి ఇంటిపేరు సంత. సంత ప్రభాకర్. వినగానే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాను. తర్వాత తెలిసింది, వాడు చర్ల సంతలో దొరికిన పిల్లాడట. ఎండుచేపలు అమ్మే వరసలో ఒక ఖాళీ గంపలో, పాత చీరముక్కలో చుట్టి ఉన్నాడట. ఆ సంతకు నేనూ పోయాను, బాగా గుర్తు. వరద తీసి కొద్ది రోజులే అయింది, సంతంతా మోకాటి బురద. నా ఎడమకాలి చెప్పు అందులో దిగబడిపోతే మధ్యాహ్నం దాకా వెతుక్కున్నాను. చెప్పు కోసం బురదంతా కెలికానే గానీ, రెండు బారల దూరంలో గంపలో పిల్లాడున్నాడని నాకేం తెలుసు?

గుక్కపట్టి ఏడుస్తున్న ఆ పసివాణ్ణి ఎంతమంది తెలుగులో బుజ్జగించినా ఊరుకోలేదట. ఒక ముసలమ్మ వచ్చి మా కోయ మాటలో రెండు ముక్కలు అనగానే నోరు మూశాడట. దాంతో కోయ పిల్లాడేనని అందరూ తీర్మానం చేసేశారు. ఆశ్రమ బడిలో వంట చేసే ఆమె తీసుకెళ్లి పెంచింది. బళ్లో పేరు రాసేటప్పుడు ఇంటిపేరేమిటని సారు అడిగితే, ఆమెకేం తోచక "సంత" అందట. అదే నిలిచిపోయింది.

పెరిగి పెద్దవాడై బోరింగు మెకానిక్ అయ్యాడు. మా ఊరు మోదుగులగుంపులో బోరింగు చెడితే వాడే వచ్చేవాడు. భద్రాచలంలో డిగ్రీ చదివే మా శ్రావణి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ బోరింగు చెడిపోయేది. ఎలా చెడుతోందో నాకు తెలుసు. పిల్ల పొద్దున్నే పోయి నట్టు విప్పి కొంగున ముడేసుకుంటుంటే కళ్లారా చూశాను. చూసి ఊరుకున్నాను. పిల్లాడు నాకూ నచ్చాడు మరి. కాళ్లు కడుక్కోనిదే అరుగెక్కడు, పెట్టింది వంక పెట్టకుండా తింటాడు.

ఇంట్లో ఎవరికీ అడ్డు లేదు. పిల్ల తండ్రి, మా కొడుకు దూలయ్య మాట తక్కువ మనిషి. "కానీ" అన్నాడు, అంతే. అడ్డమంతా పగిడయ్య దగ్గర వచ్చింది. పగిడయ్య మా గుంపుకు పటేలు, పెద్దమనిషి. వాడి మాట లేనిదే మా దగ్గర పందిరి గుంజ పాతరు.

ఈ అడ్డమేమిటో తెలియాలంటే మా గట్టుల సంగతి చెప్పాలి. కోయవాళ్లలో ప్రతి ఇంటికీ ఒక గట్టు ఉంటుంది. ముగ్గురు దేవర్లను కొలిచేవాళ్లది మూడో గట్టు, నలుగురిని కొలిచేవాళ్లది నాలుగో గట్టు, అలా ఏడో గట్టు దాకా. ఒక గట్టువాళ్లంతా ఒక తల్లి పిల్లల కింద లెక్క, వాళ్లలో వాళ్లు పెళ్లి చేసుకోకూడదు. మా శ్రావణిది ఐదో గట్టు. ఎదుటివాడి గట్టు ఏదో ఇంటిపేరు చెప్పగానే మాకు తెలిసిపోతుంది. మరి ఇంటిపేరు సంత అయితే?

"పిలగాడు మంచోడే కొండమ్మా, నేను కాదంటనా?" అన్నాడు పగిడయ్య. "మా ఇంట్ల ఫ్యాను సుత బాగు చేసిండు. గట్టేది మరి? రేప్పొద్దున వాడు ఐదో గట్టోడని తేలితె? అన్నాచెల్లెలికి పెండ్లి చేసినోళ్లమైతం."

"తేలకపోతేనో?" అన్నాను.

"తేలకపోతె ఇంకా కష్టం. దేవర్లకు ఏమని చెప్పాలె? పలానా గట్టోడు వచ్చిండు, సూసుకోండ్రి అని చెప్పకుంటె వాళ్లకెట్ల ఎరుకయితది? పెండ్లి లేదు ఏం లేదు."

ఈ మాటలు పగిడయ్య పందిరి కింద, పట్టపగలు, సగం గుంపు ముందు జరిగాయి. మా తమ్ముడు సీతయ్య కూడా అక్కడే ఉన్నాడు. వాడిది తాలిపేరు వాగు అవతలి ఊరు. జీలుగు కల్లు దిగిందని తెలిస్తే చాలు, వాగు దాటి వచ్చేస్తాడు. వాడికి కల్లు కంటే ఇష్టమైంది ఒకటే, వాదన. ఎవరి పక్షమైనా సరే, ఏ సంగతైనా సరే, ఎదుటివాడు నోరు మూసేదాకా వదలడు.

శ్రావణికి కోపం వచ్చింది. "పటేల్ తాతా, ప్రభాకర్‌ది ఏ గట్టని గవర్నమెంటోళ్లు అడిగిర్రా? అడగకుండనే కార్డిచ్చిర్రు. మీకే వచ్చిందా లొల్లి?"

"ఏం కార్డు?" అన్నాడు పగిడయ్య.

పందిరి అవతల ఎండలో నిలబడ్డ ప్రభాకర్ జేబులోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చాడు. పగిడయ్య దాన్ని తిప్పి చూశాడు, బొమ్మతో మనిషిని సరిపోల్చుకున్నాడు, కింద ఉన్న అంకెల మీద వేలు పెట్టాడు. "ఇదేంది?"

శ్రావణి చదివింది. 1730 4529 8301. ఊరికే అంకెలు చదివినా బాగుండేది. ఆవేశంలో ఉంది కదా, చదువుకున్న పిల్ల కదా, మొత్తం కలిపి చదివేసింది: "పదిహేడు వేల మూడు వందల నాలుగు కోట్ల యాభై రెండు లక్షల తొంభై ఎనిమిది వేల మూడు వందల ఒకటి!"

సీతయ్య చేతిలో కల్లు దొప్ప అలాగే ఆగిపోయింది. "పదిహేడు వేల కోట్లా? గంత పెట్టుకొని గా పాత సైకిల్ మోటరేందిరా నీకు?"

"పైసలు గాదు తాతా, నంబరు," అంది శ్రావణి.

పగిడయ్య కార్డును ఎండకేసి పట్టి చాలాసేపు చూశాడు. నేను ఈ గుంపుకు కోడలిగా వచ్చినప్పటి నుంచీ నాకు వాడు తెలుసు. వాడి మీసం అలా ఒక పక్కకు కదిలిందంటే ఏదో కొత్త తిక్క పుట్టిందన్నమాటే.

"సర్కారోళ్లు వీని పది వేళ్లు పట్టిర్రా?"

"పట్టిర్రు."

"కండ్లల్ల లైటు కొట్టిర్రా?"

"కొట్టిర్రు తాతా."

"వేళ్లు పట్టి, కండ్లు సూసి, అప్పుడిచ్చిర్రు ఈ నంబరు. ఊకెనే ఇస్తరా? మడిసి లోపట ఉన్నదంత సూసి ఇచ్చిర్రు. గట్టు లోపట ఉండేదే గదా. ఇగో, ఈ నంబరుల ఉన్నది వీని గట్టు. తీసేటోడు కావాలె గంతే."

ఎలా తీస్తావని అడిగితే చెప్పాడు. దేవర్లకు ఏది పెట్టినా సమానంగా పెట్టాలి. ముగ్గురు దేవర్లుంటే మూడు దొప్పలు, ఏడుగురుంటే ఏడు. ఒక దొప్పలో ఎక్కువ, ఒక దొప్పలో తక్కువ అయితే వాళ్లలో వాళ్లు అలుగుతారు. కనుక ఈ నంబరును దేవర్ల దొప్పల్లో పంచి చూడాలి. ఏ గట్టు దొప్పల్లో ఏమీ మిగలకుండా సమానంగా పోతుందో, అదే వాడి గట్టు.

నవ్వకండి. ఆ క్షణంలో పందిరి కింద ఉన్న ఎవరికీ అందులో తప్పు కనబడలేదు, నాతో సహా. శ్రావణి ఒక్కతే ఏదో అనబోయి, నా మొహం చూసి, ప్రభాకర్ మొహం చూసి ఊరుకుంది. పెళ్లి లేదు అన్న నోటితోనే చూద్దాం అంటున్నాడు, ఇంకేం కావాలి?

"ఫోనుల కొడితె ఒక్క నిమిషంల అయితది," అంది.

"ఫోనుకు దేవర్లున్నరా?" అన్నాడు పగిడయ్య. "గింజలతోని పంచాలె. చేతితోని పంచాలె. పంచుట్ల మీ నాయనమ్మను మించినోళ్లు లేరు ఈ గుంపుల, ఆమెనే కూసోమను."

పగిడయ్య ఇంట్లోంచి చింతగింజల బుట్ట వచ్చింది. ఐదు మోదుగాకు దొప్పలు కుట్టి నా ముందు పెట్టారు. నేను కాళ్లు చాపుకుని కూర్చుని బుట్టలోకి చూశాను. "పటేలా, పదిహేడు వేల కోట్ల గింజలు కావాలె గదా?"

ఇది ఎవరికీ తోచలేదు. సీతయ్య లెక్క మొదలుపెట్టాడు, చర్ల నుంచి దుమ్ముగూడెం దాకా చెట్లన్నీ దులిపితే ఎన్నవుతాయని. పక్క మండలాలు కూడా దులపాలన్నాడు పగిడయ్య. మా దూలయ్య చాలాసేపు ఆలోచించి, "గంపలు సాలవు," అన్నాడు.

అప్పుడు శ్రావణి నా పక్కన వచ్చి కూర్చుంది. "నాయనమ్మా, అన్ని ఒక్కసారి వద్దు. ఒక్కొక్క అంకె ఒక్కొక్క ఇల్లనుకో. ముందు ఇంటోళ్లు తెచ్చినయి దొప్పలల్ల పంచు. పంచంగ మిగిలినయి పక్కింటికి పోతయి. పోయినంక ఒక్కొక్కటి పదైతది. పక్కింటోళ్లు తెచ్చినయి వాటిల కలిపి మళ్ల పంచు. గట్ల ఆఖరింటి దాక పో."

"ఒక్కటి పదెందుకైతది?" అన్నాడు పగిడయ్య అనుమానంగా.

"పక్కింటికి పోయింది గదా తాతా."

నాకు వెంటనే అర్థమైంది. మా గుంపులో మాట కూడా అంతే, ఒక ఇంట్లో ఒకటి మిగిలితే పక్కింట్లో పది అవుతుంది. పగిడయ్యకు కూడా అర్థమైంది, వాడి పెళ్లాం వల్ల.

ముందు ఐదో గట్టు చూడాలన్నాడు. ఐదుకు సమానంగా పోయిందా, పిల్లాడు శ్రావణికి అన్న, అక్కడితో సరి. శ్రావణి గభాలున, "ఆఖరుకు ఒకటున్నది గదా, ఐదుతోని పోదు, చూడకుండనే చెప్పొచ్చు," అంది. "చూడకుండ చెప్పుడేంది? దేవర్లు చూడొద్దా?" అని పగిడయ్య కసిరాడు.

మొదలుపెట్టాను. మొదటి ఇల్లు ఒక్కటే గింజ తెచ్చింది, ఐదు దొప్పలకు ఏం చాలుతుంది? మిగిలింది. పక్కింటికి పోయి పదైంది. ఆ ఇంటివాళ్లవి ఏడు, మొత్తం పదిహేడు. దొప్పకు మూడు వేస్తే రెండు మిగిలాయి. అవి ఇరవై అయ్యాయి, మూడో ఇంటి మూడు కలిస్తే ఇరవై మూడు. దొప్పకు నాలుగు, మిగిలినవి మూడు. మూడూ ముప్పై అయి నాలుగో ఇంటికి పోయాయి. నాలుగో ఇల్లు సున్నా.

"ఈళ్లేం తెచ్చిర్రు?" అన్నాడు పగిడయ్య.

"ఏం తేలే."

"ఏం తేనోళ్లు ఎందుకొచ్చిర్రు? తీసెయ్. ఉత్త చేతులతోని వచ్చినోళ్లకు దేవర్ల పంపకంల సోటు లేదు."

"తీసేస్తె నంబరు మారుతది తాతా. వేరే మడిసి అయితడు."

"ఏం తేని ఇల్లు తీసేస్తె మడిసెట్ల మారుతడే?"

సీతయ్యకు వాదన దొరికింది. "పటేలా, పెండ్లికి ఉత్త చేతులతోని వచ్చి పందిట్ల కూసునే సుట్టాలు ఉండరా? వాళ్లను లేపుతె పెండ్లి సాగుతదా? కూసోనియ్యి." వాడు కూడా ఆ రోజు ఉత్త చేతులతోనే వచ్చాడనుకోండి. పగిడయ్య వాడి కల్లు దొప్ప వంక ఒకసారి చూశాడు.

సున్నా ఇంటికి చోటు దొరికింది. చిత్రం చూడండి, ముప్పై గింజలు ఐదు దొప్పల్లో ఆరేసి చొప్పున పోయి, ఒక్కటీ మిగల్లేదు. ఏమీ తేని ఇంట్లోనే లెక్క తీరిపోయింది. అక్కడి నుంచి మళ్లీ మొదలు. ఒక ఇంట్లో నాలుగు మిగిలేవి, ఒక ఇంట్లో తీరిపోయేవి. అలా పోయి పోయి చివరి ఇంటికి ముందు ఇల్లు, మళ్లీ సున్నాదే, దాని దగ్గరికి వచ్చేసరికి ముప్పై గింజలు. ఆరేసి వేశాను. చాప మీద ఒక్కటి లేదు.

శ్రావణి నా చెయ్యి పట్టుకుంది. ప్రభాకర్ దవాఖానాలో రిపోర్టు కోసం కూర్చున్నవాడిలా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఇంకొక్క ఇల్లే ఉంది. ఆ ఇల్లు ఒక్క గింజ తెచ్చింది. ఐదు దొప్పల్లో ఎవరికని వెయ్యను? మిగిలిపోయింది.

"పోలే! ఐదో గట్టు గాదు!" అని శ్రావణి కేక పెట్టింది. పిల్ల అప్పుడే చదువుకున్న సంగతి మరిచిపోయింది. దూలయ్య కూడా మీసం కింద నవ్వాడు.

"ఆగుండ్రి, ఐదు గాకపోతె ఇంకోటి గావాలె గదా," అన్నాడు పగిడయ్య. "ఏదో ఒకటి లేంది పెండ్లి కాదు."

రెండు దొప్పలు తీసేసి మూడుకు పంచాను. చివర ఒక్కటి మిగిలింది. నాలుగుకు పంచాను. ఒక్కటి మిగిలింది. ఆరుకు పంచితే మళ్లీ అదే. ఏ గట్టుకు పంచినా చివరికి నా ముందు ఒకే ఒక్క గింజ, అచ్చం సంతలో గంపలో పిల్లాడిలాగా. ఇందాక ఆ మిగిలిన గింజను చూసి ఎగిరి గంతేసిన పిల్ల, ఇప్పుడు అదే గింజను చూసి పెదవి కొరుక్కుంటోంది.

ఏడో గట్టు ఒక్కటే మిగిలింది. ఏడు దొప్పలు వరసగా పెట్టాను. ఈసారి అందరూ దగ్గరికి జరిగారు. పదిహేడులో మూడు మిగిలాయి, ముప్పై మూడులో ఐదు, యాభైలో ఒకటి, పద్నాలుగు సరిగ్గా పోయాయి. ఆడవాళ్లు గింజ గింజకూ వంగి చూస్తున్నారు. పదో ఇంటి దగ్గర అరవై మూడు గింజలు. దొప్పకు తొమ్మిది వేశాను. ఏడు తొమ్మిదులు. చాప ఖాళీ. పదకొండో ఇల్లు సున్నా, వాళ్లేమీ తేలేదు, మిగల్లేదు.

"ఏడో గట్టు! ఏడో గట్టు!" అని ఎవరో అరిచారు. డోలు తెమ్మన్నారు. సీతయ్య దొప్పలోని కల్లు గటగటా తాగేసి ప్రభాకర్ వీపు మీద చరిచాడు.

"ఇంకో ఇల్లున్నది," అంది శ్రావణి.

ఉంది. చివరి ఇల్లు. ఒకటి.

ఆ ఒక్క గింజను ఏడు దొప్పల పైనా తిప్పాను. ఏ దొప్పలోనన్నా తెలియకుండా జారిపోతుందేమోనని ఆశ. పగిడయ్య కళ్లు నా వేళ్ల మీదే ఉన్నాయి. చాప మీద పెట్టేశాను.

"ఏ గట్టూ గాదు," అన్నాడు పగిడయ్య. వాడి గొంతులో కూడా సంతోషం లేదు, నిజం చెప్పాలి. "ఐదు తీర్ల సూసినం. ఏ దేవర్లూ తీసుకోలే. నేనేం చెయ్య?"

శ్రావణికి ఏడుపు ముంచుకొచ్చింది. "అన్నిట్ల ఒకటే మిగిలింది తాతా! ఆ ఆఖరుది ఒక్కటి లేకుంటె మూడుకు పోతది, నాలుగుకు పోతది, ఐదుకు, ఆరుకు, ఏడుకు, అన్నిటికీ పోతది!"

"అయితె గా ఒక్కటి గోకి సున్నా పెట్టరాదు?" అన్నాడు సీతయ్య.

"పెడితె అన్ని గట్లకూ పోతడు. అన్ని గట్లోడు అయితడు. అడవుల ఉన్న ఆడపిల్లలందరికీ అన్నైతడు!"

అందరూ ప్రభాకర్ వైపు చూశారు. ఒకటి ఉంటే ఎవరికీ ఏమీ కాడు, ఒకటి తీసేస్తే అందరికీ అన్న. పాపం, వాడు లేచి నిలబడి కార్డు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోతన్న అవ్వా," అన్నాడు నాతో. "సిన్నప్పటి సంది ఇంతే. హాస్టల్ల జట్లు జట్లు చేసి నిలబెడితె ఆఖరుకు నేనే మిగులుతుంటి."

వాడు చెప్పులు వేసుకుంటున్నాడు. పగిడయ్య గింజలు బుట్టలోకి ఎత్తుతున్నాడు. ఎత్తుతూ ఎత్తుతూ ఆగాడు. "కొండమ్మా, రొంటిన ఏంది?"

చూసుకున్నాను. నా చీర కుచ్చిళ్ల పక్కన, రొంటిన, చింతగింజలు. ఐదో గట్టుకు మిగిలింది, మూడుకు మిగిలింది, నాలుగుకు, ఆరుకు మిగిలినవి, ఇప్పుడు ఏడుకు మిగిలింది కూడా. ఎప్పుడు దోపుకున్నానో నాకే తెలియదు.

మా గుంపులో వాగు చేపలు పంచినా, వేట మాంసం పంచినా ఒక పద్ధతి ఉంది. అందరి కుప్పలూ సమానంగా పెట్టాక మిగిలిన ముక్క పంచిన మనిషిది. ఇన్నేళ్లుగా పంచీ పంచీ, మిగిలిన దాన్ని చెయ్యి దానంతట అదే రొంటిన పెట్టేసుకుంటుంది. చేపకు పెట్టినట్టే చింతగింజకూ పెట్టేసింది.

పగిడయ్య బుట్ట కింద పెట్టి లేచాడు. "చూసిర్రా? మిగిలింది ముసల్ది తీసుకున్నది! పంచినోళ్లదే మిగులు. ఓ పిలగా, ఆగు! నువ్వు ఈ ముసలామె ఇంటోనివైనవ్!"

ప్రభాకర్ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడిపోయాడు. జనం ఒక్కసారి హోరుమన్నారు. నాకూ ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు శ్రావణి నా చెవిలో అంది, "నాయనమ్మా, మనింటోడైతె మన గట్టోడే గదా. ఐదో గట్టు."

గట్టు లేని వాడికి గట్టు దొరికింది, అదీ దొరకకూడనిదే దొరికింది. అదీ నా చేతుల మీదుగా. గబగబా గింజలన్నీ తీసి కుప్ప మీద పోశాను. "వద్దు పటేలా, నేను తీసుకోలే. ఇగో, ఇచ్చేసిన."

"రొంటిన పెట్టింది కుప్పల కలుస్తదా? చేపైతె కలుపుతవా?" అన్నాడు పగిడయ్య. మళ్లీ ఏరి నా ఒళ్లో వేశాడు.

మాట ఇలా చిక్కుపడినప్పుడే మా సీతయ్యకు నోరు దురద పెడుతుంది. "పటేలా, మా అక్క ఇంటోడు అంటివి. ఏ ఇల్లు? పుట్టినింటిదా, మెట్టినింటిదా?"

"పెండ్లయి వచ్చింది గదయ్యా. మడిసి మొత్తం ఐదో గట్టుకు వచ్చినట్టే."

"మొత్తమా? ఆడమడిసి సచ్చిపోతె పుట్టినింటోళ్లు వచ్చి చీర కప్పంది లేపుతరా? మొత్తం మీదైతె మేమెందుకు రావాలె, చీరెందుకు తేవాలె?"

పగిడయ్య తల గోక్కున్నాడు. "సరే, మొత్తం గాదు. కడుపు మాత్రం మాదే. పిల్లలు ఐదో గట్టోళ్లే గదా."

"కడుపు ఇచ్చినం, కాదన్ననా? మోకాళ్లు?"

"మోకాళ్లు ఈడ అరిగినయి. మాయే."

"కండ్లు?"

"కండ్లు భద్రాచలం దవాఖానల ఆపరేషనయినయి. అవి ఎవరియీ గావు."

"మంచిది. చేతులు?"

నేను మధ్యలో కూర్చుని ఉండగానే నన్ను ముక్కలు ముక్కలుగా పంచుకున్నారు, వేట మాంసంలాగా. చేతుల దగ్గర పగిడయ్య గట్టిగా ఆలోచించాడు. నా ముందు గొంతుక్కూర్చుని అడిగాడు, "కొండమ్మా, అబద్ధం చెప్పకు. ఈ పంచుడు యాడ నేర్సినవ్?"

అబద్ధం ఎందుకు? తాలిపేరు ఒడ్డున నేర్చాను. నాకు ఇంకా పైట వెయ్యలేదు అప్పటికి. మా నాయన వల తీసి చేపలు ఇసుకలో కుమ్మరించి, "పంచు బిడ్డా," అని వెనక నిలబడేవాడు. కుప్పలు ఎక్కువ తక్కువైతే చేప తోకతో వేళ్ల మీద కొట్టేవాడు. ఆ తడి తోక చల్లదనం ఇప్పటికీ వేళ్ల మీద ఉంది. అదే చెప్పాను.

"తండ్రి దగ్గర నేర్సినవంటె చేతులు తండ్రి గట్టుయే," అన్నాడు పగిడయ్య లేస్తూ. "మీ తండ్రిది ఏ గట్టు?"

"నాలుగు."

"పంచింది నాలుగో గట్టు చేతులు. మిగులు నాలుగో గట్టుది. ఆ గట్టోడు ఈడ ఎవడున్నడు? సీతయ్య. సీతయ్యా, పిలగాడు నీ కొడుకాయె."

సీతయ్య అటూ ఇటూ చూశాడు, ఇంకో సీతయ్య ఎవరైనా ఉన్నారేమోనని. "నా కొడుకా? నాకు నలుగురున్నరు!"

"ఐదోడు."

"నేను వాదించిన పటేలా, గంతే! వాదించుడుకు వాదించిన, తీసుకుంట అన్ననా?"

"గెలిసినవ్ గదా. గెలిసినోడు తీసుకోవాలె."

శ్రావణి అప్పటికే వేళ్ల మీద వరసలు తిప్పేస్తోంది. సీతయ్య కొడుకంటే దూలయ్యకు బామ్మర్ది, తనకు మామ. మామ అంటే చేసుకోవచ్చు. చేసుకోవచ్చు! చదువుకున్న పిల్ల, మళ్లీ రెండో చేత్తో కూడా తిప్పి సరిచూసుకుంది. దూలయ్య లేచి పోయి ప్రభాకర్ పక్కన నిలబడ్డాడు, భుజం మీద చెయ్యి వేశాడు. వాడి మాట అదే.

నేను నా ఒళ్లోని గింజలు తీసి సీతయ్య అరచేతిలో పోశాను. వాడు వాటిని పారెయ్యలేదు, మూసుకోనూ లేదు. తేలు పిల్లలను పట్టుకున్నట్టు చెయ్యి చాపి అలాగే ఉంచాడు.

"మగపిల్లోని తండ్రివి," అన్నాడు పగిడయ్య, "మేకపోతు నువ్వే తేవాలె. కల్లు నువ్వే పోపియ్యాలె."

ఆ మాటతో మా తమ్ముడికి మళ్లీ ఊపిరి వచ్చింది. గింజలు రొంటిన దోపుకుని చేతులు ఖాళీ చేసుకున్నాడు, వాదించేటప్పుడు వాడికి రెండు చేతులూ కావాలి. "మేకపోతా? పుట్టి ఇంకా పూటన్న కాలే నా కొడుకు, అప్పుడే మేకపోతా? ఆడపిల్ల తరఫోళ్లు మీరు సగం పెట్టుకోండ్రి!"

"సగం మేకపోతును యాడ తేవాలె?"

"మీది వెనక సగం, మాది ముందు సగం!"

"తలకాయ నువ్వు తింటవా?"

ఎండ వాలుతోంది. మాటలు తెగేటట్టు లేవు. ప్రభాకర్ రెండో చెప్పు వేసుకుని వాళ్ల వెనక వచ్చి నిలబడ్డాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. ఆ మాటతో వాడు ఎప్పుడూ ఎవరినీ పిలిచి ఉండడు కదా, ఎంత గట్టిగా అనాలో తెలిసినట్టు లేదు.

"నాయనా," అన్నాడు చివరికి, "వాగుల నీళ్లు ఎక్కుతయి. పోదమా?"

సీతయ్య వెనక్కి తిరగను కూడా లేదు.

"ఆగురా. పెద్దోళ్లం మాట్లాడుతున్నం కనపడ్తలేదా?"

పగిడయ్య ఒక్క క్షణం సీతయ్య మొహంలోకి చూశాడు. మేకపోతు సంగతి ఇంక ఎత్తలేదు.